క్వార్న్ వేట, దాని కుక్కలు: తరచుగా అడిగే ప్రశ్నలు

చలికాలం ఉదయం ఇంగ్లండ్‌లోని లెస్టర్‌షైర్ పల్లె దారిలో కారు నడుపుతుంటే, ఎర్రకోటు వేసుకున్న రౌతు ఒకరు, ఆయన గుర్రం చుట్టూ ముప్పై నలభై మచ్చల కుక్కలు రోడ్డు నిండా ఎదురవుతాయి. అది క్వార్న్ హంట్ అనే పాత నక్కవేట బృందం. లఫ్‌బరోలో చదువుకోడానికి వచ్చిన మన పిల్లలూ, లెస్టర్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న కుటుంబాలూ ఆ దృశ్యం చూసి అడిగే ప్రశ్నలు దాదాపు అవే. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అన్నీ ఇక్కడ పెడుతున్నాను. నాకు గుర్రాల మీదా కోట్ల మీదా పెద్ద ఆసక్తి లేదు. కుక్కల మీద ఉంది. కాబట్టి జవాబులు కాస్త అటే మొగ్గుతాయి.

క్వార్న్ అంటే ఏంటి? సూపర్‌మార్కెట్‌లో దొరికే శాకాహారపు క్వార్న్‌కీ దీనికీ సంబంధం ఉందా?

ఉంది, ఊరి పేరు వరకు. క్వార్న్ అనేది లఫ్‌బరోకీ లెస్టర్‌కీ మధ్య ఉన్న ఒక ఊరు. అసలు పేరు క్వార్న్‌డన్. పక్క జిల్లా డార్బీషైర్‌లో దాదాపు ఇదే పేరుతో ఇంకో ఊరుంది. ఈ తికమక పడలేక 1889లో పేరు కుదించేశారు. ఆ ఊళ్లోని క్వార్న్‌డన్ హాల్ అనే బంగళాలో కుక్కలను ఉంచి వేట నడిపినందుకు క్వార్న్ హంట్ అన్న పేరు వచ్చింది. మాంసం బదులు వండుకునే పదార్థం పేరూ ఈ ఊరిదే. నక్కల వేటకు పేరుమోసిన ఊరు చివరికి మాంసం ముట్టనివాళ్ల ఫ్రిజ్‌లో స్థిరపడింది. కుక్కల కొట్టాలు మాత్రం ఇప్పుడు ఆ ఊళ్లో లేవు, మెల్టన్ మౌబ్రే దగ్గరి కర్బీ బెల్లర్స్‌లో ఉన్నాయి.

ఈ వేట ఎప్పుడు మొదలైంది?

1696 అని చెప్పుకుంటారు. దానికి ఆధారం ఒక కొమ్ముబూర. టూలీ పార్క్‌లో ఉండే థామస్ బూత్‌బీ అనే భూస్వామిది అది. ఆయన 1677లో పుట్టి 1752లో పోయాడనీ, ఇంగ్లండ్‌లో అప్పటికి మొట్టమొదటి నక్కవేట కుక్కల గుంపును ఈ బూరతో యాభై అయిదేళ్లు నడిపాడనీ దాని మీద చెక్కి ఉంది. ఆయన చనిపోయిన 1752 నుంచి యాభై అయిదు తీసేస్తే 1697 వస్తుంది. ఏడాది అటూ ఇటూ, మన ఊళ్లలో పుట్టిన తేదీలు లెక్కగట్టినట్టే.

"మొట్టమొదటి" అన్న మాటను మాత్రం యార్క్‌షైర్ వాళ్లు ఒప్పుకోరు. బిల్స్‌డేల్ వేట 1668 నుంచే ఉందని వాళ్ల వాదన. ఈ పోటీ నాకు అంత ముఖ్యంగా తోచదు. ఎందుకంటే బూత్‌బీ కాలపు వేటకూ, ఈరోజు పటాల్లో కనిపించే వేటకూ పోలిక తక్కువ. ఆ మార్పు తెచ్చినవాడు తర్వాత వచ్చాడు.

హ్యూగో మెనెల్ ఎవరు? ఆయన పేరు అందరూ ఎందుకు ఎత్తుతారు?

బూత్‌బీ పోయిన మరుసటి ఏడాది, 1753లో, ఆ కుక్కల గుంపు పద్దెనిమిదేళ్ల కుర్రాడి చేతికి వచ్చింది. అతనే మెనెల్. 1800 దాకా, అంటే నలభై ఏడేళ్లు, వదల్లేదు. మధ్యలో పార్లమెంటు సభ్యుడిగానూ ఉన్నాడు గానీ ఎవరికీ అది గుర్తులేదు.

అతనికి ముందు నక్కవేట ఎలా ఉండేదంటే, తెల్లవారుజామునే బయల్దేరేవాళ్లు. రాత్రంతా తిరిగి కడుపునిండా తిన్న నక్క ఇంటికి చేరిన దారిని కుక్కలు నెమ్మదిగా పసిగట్టుకుంటూ పోయేవి. పొట్ట బరువుతో ఉన్న నక్క ఎక్కువ దూరం పరిగెత్తలేదు. కుక్కలకీ తొందర లేదు. అప్పటి వేటకుక్క పెద్ద చెవులతో, బరువైన ఒళ్లుతో, గంభీరమైన గొంతుతో ఉండేది. ముక్కు అమోఘం, కాళ్లు మాత్రం నిదానం.

మెనెల్ వేటను పొద్దెక్కాక పెట్టాడు. అప్పటికి నక్కకు తిన్నది అరిగి, ఒళ్లు తేలికపడి ఉంటుంది. లేపితే బాణంలా పోతుంది. దాన్ని అందుకోవాలంటే పాత కుక్క పనికిరాదు. వేగం కావాలి, గంటల తరబడి పరిగెత్తే దమ్ము కావాలి, ఆ వేగంలోనూ వాసన తప్పని ముక్కు కావాలి. ఈ మూడూ ఒక్క కుక్కలో ఉండటం కష్టం. ముక్కు మంచిదైతే ఒళ్లు బరువు, ఒళ్లు తేలికైతే ముక్కు అంతంత మాత్రం. అందుకే అతను ఎన్నో తరాలు ఎంచి ఎంచి జతకట్టించి కొత్త కుక్కను తయారుచేసుకున్నాడు. వేట వేళ మార్చడంతో మొదలైన పని కుక్క ఆకారాన్నే మార్చేసింది.

ఆ విద్య ఆయనకు ఎక్కణ్నుంచి వచ్చింది?

ఇక్కడే నాకు ఇష్టమైన భాగం. లఫ్‌బరో పక్కనే డిష్లీ అనే చోట రాబర్ట్ బేక్‌వెల్ (1725–1795) అనే రైతు ఉండేవాడు. గొర్రెలనూ గొడ్లనూ తనకు కావలసిన గుణాల కోసం దగ్గరి రక్తసంబంధంలోనే జతకట్టిస్తూ, న్యూ లెస్టర్ అనే గొర్రె జాతిని తీర్చిదిద్దినవాడు. ఇప్పుడు పశుసంవర్ధక కోర్సుల్లో మొదటి పాఠాల్లోనే ఆయన పేరు చెబుతారు. మెనెల్ ఉండేది ఆయనకు కూతవేటు దూరంలో. బేక్‌వెల్ గొర్రెల మీద చేసింది మెనెల్ కుక్కల మీద చేశాడని అంటారు.

ఎర్రకోట్ల దొరల వేట అనుకుంటాం గానీ, దాని వెనక ఉన్నది ఒక రైతు పశువుల పాకలో పుట్టిన తెలివి. ఒంగోలు గిత్తను మూపురం, గంగడోలు, నడక చూసి ఎంచే మన రైతుకు ఈ పని వివరించి చెప్పక్కర్లేదు.

తర్వాత ఈ కుక్కల వంశావళి రాసిపెట్టడం మొదలైంది. 1800 నాటి నుంచి వివరాలతో వంశావళి పుస్తకం 1860లలో అచ్చయింది. చాలామంది మనుషుల ఇళ్లలో ముత్తాత పేరే తెలియదు, ఈ కుక్కలకు మాత్రం రెండు వందల ఏళ్ల పైచిలుకు వంశవృక్షం ఉంది.

కుక్కలను జతల్లో లెక్కపెడతారట, నిజమేనా?

నిజమే. ముప్పై అయిదు కుక్కలని ఎవరూ అనరు, పదిహేడున్నర జతలు అంటారు. పాతకాలంలో రెండు కుక్కల మెడపట్టీలను చిన్న గొలుసుతో కలిపి నడిపించేవాళ్లు. కుర్ర కుక్కకు పని నేర్పాలంటే అనుభవమున్న ముసలి కుక్కతో జతకట్టేవాళ్లు. కొత్త కోడెను ముసలి ఎద్దు పక్కన కాడి కట్టినట్టే. లెక్క జతల్లో స్థిరపడిపోయింది.

ఇంకో పట్టింపు. వాటిని మామూలు కుక్కకు వాడే మాటతో 'డాగ్' అని పిలిస్తే వేటవాళ్లు మొహం చిట్లిస్తారు. 'హౌండ్' అనాలి. తోకకు వేరే పేరు, అరుపుకు వేరే పేరు. అవి మొరగవట, 'మాట్లాడతాయి'. అన్నీ కలిసి గొంతెత్తితే దాన్ని సంగీతం అంటారు. మొదటిసారి విన్నప్పుడు నవ్వొచ్చింది. మంచుపట్టిన లోయలో దూరం నుంచి విన్నాక మాత్రం ఆ మాట ఎందుకు పెట్టారో అర్థమైంది.

వీటిని ఎలా పెంచుతారు? ఏం పెడతారు? పేర్లు ఎలా పెడతారు?

పిల్లలు రెండు నెలలు దాటాక వాటిని చుట్టుపక్కల రైతుల ఇళ్లకు ఇస్తారు. అక్కడ కోళ్ల మధ్య, గొర్రెల మధ్య, పిల్లల మధ్య తిరుగుతూ పెరుగుతాయి. కోడిని చూస్తే వెంటపడకూడదు, గొర్రెను చూస్తే తల తిప్పుకోవాలి అన్న బుద్ధి అక్కడే పట్టుబడుతుంది. పెద్దయ్యాక తిరిగి కొట్టానికి వస్తాయి. వేసవిలో వీటికి ఒక పోటీ పెట్టి, బాగా పెంచిన ఇంటివాళ్లకు వెండి చెంచాలు బహుమతిగా ఇవ్వడం పాత ఆనవాయితీ. కన్నీళ్లతో కుక్కపిల్లను అప్పగించి చెంచా తెచ్చుకున్న ఇళ్లు ఇక్కడ చాలా ఉన్నాయి.

తిండి విషయం అడిగేటప్పుడు కొంచెం గుండె దిటవు చేసుకోండి. చుట్టుపక్కల పొలాల్లో చచ్చిన గొడ్లనూ గొర్రెలనూ వేట తాలూకు మనుషులే వచ్చి తీసుకుపోయి, కోసి, కుక్కలకు వేసేవాళ్లు. వెనకటి రోజుల్లో ఓట్స్ జావ పెద్ద రాగి కాగుల్లో కాచి దాంతో కలిపేవాళ్లు. చచ్చిన గొడ్డును వదిలించుకోవడం రైతుకు పెద్ద తలనొప్పి. వేటకూ రైతుకూ మధ్య స్నేహం నిలబడటానికి ఎర్రకోట్ల మర్యాదల కన్నా ఈ ఏర్పాటే ఎక్కువ పనిచేసిందని నా అనుమానం.

పేరు విషయంలో నియమం సులువు. తల్లి పేరులోనో తండ్రి పేరులోనో ఉన్న మొదటి అక్షరంతో పిల్లల పేర్లన్నీ మొదలవ్వాలి. పిలవడానికి వీలుగా రెండు మూడు అక్షరాలుండాలి. తిండి వేళ తలుపు తీసి ఒక్కొక్క పేరు పిలుస్తుంటే, పేరు పడ్డ కుక్కే బయటికొస్తుంది, మిగిలినవి ఆగుతాయి. హంట్స్‌మన్‌కు, అంటే కుక్కలను నడిపే మనిషికి, అన్నీ పేరుపేరునా తెలుస్తాయి. మనకు మాత్రం అన్నీ ఒకేలా కనిపిస్తాయి.

వేట రోజున అసలు ఏం జరిగేది? తుపాకీ ఎవరు కాల్చేవాళ్లు?

తుపాకీ ఉండదు. మన జమీందార్ల షికారు కథలు విన్నవాళ్లు మంచె, తుపాకీ, చప్పుడు చేసే మనుషులు అనుకుంటారు. ఇది అది కాదు. ఇక్కడ వేటాడేది కుక్కలు, మనుషులు వెనకపడి చూసేవాళ్లు.

నవంబర్ మొదట్లో కాలం మొదలై మార్చి దాకా సాగుతుంది. క్వార్న్‌కు కర్బీ గేట్ దగ్గర నవంబర్ తొలి సోమవారం మొదటి సమావేశం అన్నది పాత సంప్రదాయం. హంట్స్‌మన్ కుక్కలను ఒక పొదలోకి తోలతాడు. నక్క లేస్తే ఒక కుక్క గొంతెత్తుతుంది. అబద్ధాలాడే కుక్కలూ ఉంటాయి, వాసన లేకపోయినా అరుస్తాయి. అలాంటిదాన్ని మిగతావి లెక్కచేయవు, నమ్మకమైన ముసలి కుక్క గొంతు వినగానే అన్నీ అటు పరిగెడతాయి. పక్కదారి పట్టి కుందేలు వెనకో జింక వెనకో పడితే, విప్పర్-ఇన్ అనే సహాయకుడు వాటిని మళ్లిస్తాడు. వాసన తెగిపోతే అంతా ఆగిపోతుంది. కుక్కలు విసనకర్రలా విచ్చుకుని వెతుకుతాయి. నక్క నీళ్లలో నడిచిందా, గొర్రెల మంద మధ్యనుంచి పోయిందా, నేల మరీ పొడిగా ఉందా అన్నది హంట్స్‌మన్ ఊహించి కుక్కలను అటు తీసుకుపోవాలి. చాలా నక్కలు ఇక్కడే తప్పించుకుపోయేవి. దొరికితే మాత్రం కుక్కలు చంపేసేవి.

మరి గుర్రాల మీద కంచెలు దూకడం ఎక్కణ్నుంచి వచ్చింది?

చట్టాల నుంచి. 18వ శతాబ్దం రెండో సగంలో ఊరుమ్మడి పొలాలను చీల్చి, ఎవరి భాగం వాళ్లకు కంచె వేసి ఇచ్చే చట్టాలు పార్లమెంటులో ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. పేదవాడి మేత భూమి పోయింది. లెస్టర్‌షైర్ దున్నే నేల చాలావరకు గొర్రెలకూ ఎద్దులకూ పచ్చికగా మారింది. పొలానికీ పొలానికీ మధ్య ముళ్లచెట్ల కంచెలు లేచాయి. పచ్చిక మీద గుర్రం హాయిగా పరిగెడుతుంది, కంచె వచ్చిందా, దూకాలి. ఎద్దులు కంచె తొక్కకుండా అడ్డంగా ఒక దుంగ కట్టేవాళ్లు. ఈరోజు గుర్రాల పోటీల్లో 'ఆక్సర్' అనే అడ్డంకి పేరు ఆ ఎద్దుల కంచె నుంచే వచ్చింది.

దూకడం రుచి మరిగినవాళ్లు కుక్కలను పట్టించుకోవడం మానేశారు. ష్రాప్‌షైర్‌లోని కిన్లెట్ నుంచి వచ్చిన చైల్డ్ అనే పెద్దమనిషి ఈ దూకుడు స్వారీ మొదలుపెట్టాడనీ, అతను లెస్టర్‌షైర్‌లో అడుగుపెట్టినప్పటి నుంచి తనకు సుఖమైన రోజే లేదని మెనెల్ వాపోయాడనీ ఇప్పటికీ చెప్పుకుంటారు. పాపం, వేగమైన కుక్కను తయారుచేసింది ఆయనే. వేగం కోసం వచ్చిన జనం కుక్కలను తొక్కేస్తున్నారని బాధపడ్డదీ ఆయనే.

నక్కలు కోళ్లను ఎత్తుకుపోతాయి కాబట్టే ఈ వేటలు పుట్టాయంటారు. ఒప్పుకోవచ్చా?

సగం. 1566లో వచ్చిన చట్టం ప్రకారం నక్క తల తెచ్చినవాడికి చర్చి పెద్దలు పన్నెండు పెన్నీలు ఇచ్చేవాళ్లు. అప్పటికి నక్క చీడ జంతువు, ఎలా చంపినా పుణ్యమే.

వేట పెద్దమనుషుల ఆటగా మారాక లెక్క తిరగబడింది. నక్కలు లేకపోతే ఆట లేదు. అందుకని అవి దాక్కోడానికి పనిగట్టుకుని ముళ్లపొదలు నాటించారు, బొరియలు కట్టించారు. చాలనప్పుడు యూరప్ నుంచి తెచ్చిన నక్కలు లండన్ లెడెన్‌హాల్ బజారులో అమ్మేవాళ్లు, కొని తెచ్చి వదిలేవాళ్లు. కోళ్లు పోయిన రైతుకు వేట నిధి నుంచి డబ్బిచ్చి ఊరుకోబెట్టేవాళ్లు. విసిగి నక్కను కాల్చేసిన రైతును మాత్రం ఊళ్లో దొరలు వెలివేసినంత పని చేసేవాళ్లు.

ఆధునిక కాలంలో ఒక లెక్క కూడా తేలింది. 2001లో పశువులకు గాలికుంటు వ్యాధి వచ్చి బ్రిటన్ అంతా వేటలు నెలల తరబడి ఆగిపోయాయి. ఆ విరామానికి ముందూ తర్వాతా నక్కలను లెక్కించి చూస్తే, సంఖ్య పెరిగిన దాఖలా కనబడలేదు.

మెల్టన్ మౌబ్రే పేరు ఎందుకు అన్నిచోట్లా వస్తుంది?

మూడు వేటల ఇలాకాలు కలిసే చోటు అది: క్వార్న్, కాట్స్‌మోర్, బీవర్. (ఈ చివరిదాని స్పెల్లింగ్ చూసి పలికితే ఇక్కడివాళ్లు నవ్వుతారు.) ఒక ఊళ్లో దిగితే వారంలో చాలా రోజులు వేటాడొచ్చు. అందుకని డబ్బున్న కుర్రకారంతా చలికాలం అక్కడ మకాం పెట్టేవాళ్లు. తాగి చేసే ఆగడాలకు లోటుండేది కాదు. 1837లో వాటర్‌ఫర్డ్ మార్క్విస్ అనే ప్రభువు, అతని మిత్రబృందం రాత్రిపూట ఎర్ర రంగు డబ్బాలతో ఊరి మీద పడి తలుపులూ గోడలూ పూసేశారు. 'ఊరికి ఎర్ర రంగు పూయడం' అన్న ఇంగ్లిష్ జాతీయం ఇందులోంచే పుట్టిందని మెల్టన్‌వాళ్ల నమ్మకం.

ఎర్రగా ఉన్న కోటును 'పింక్' అంటారెందుకు?

పింక్ అనే దర్జీ కుట్టాడంటారు. ఆ దర్జీ ఉన్నాడనడానికి ఆధారం లేదు.

ఆడవాళ్లు వేటాడేవాళ్లా?

ఒక పక్కకు కాళ్లు వేసి కూర్చునే జీనుకు 1830ల ప్రాంతంలో రెండో కొక్కెం వచ్చింది. తొడ దానికి ఆన్చి పట్టు దొరికాక కంచెలు దూకడం సాధ్యమైంది. ఆ తర్వాత సంఖ్య పెరుగుతూ పోయింది. మొదటి ప్రపంచయుద్ధంలో మగవాళ్లూ గుర్రాలూ సైన్యానికి పోయినప్పుడు చాలా వేటలను నిలబెట్టింది ఆడవాళ్లే.

ఈ కుక్కలు మన దేశానికి వచ్చాయా?

వచ్చాయి. మన కోస్తా, రాయలసీమ అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం కదా. ఆ ప్రెసిడెన్సీ దొరలకు వేసవి మకాం ఊటీ. అక్కడ ఇంగ్లండ్ నుంచి తెప్పించిన నక్కవేట కుక్కలతో ఊటకమండ్ హంట్ నడిపారు. మైదానాల ఎండకు ఈ కుక్కలు తట్టుకోలేవు, నీలగిరి చలిలో కాస్త నయం. ఇంగ్లండ్ ఎర్ర నక్క అక్కడ లేదు కాబట్టి జాకల్‌ను తరిమేవాళ్లు. వాళ్లకు ఫాక్స్ వేరు, జాకల్ వేరు. మనం మామూలుగా రెంటినీ నక్క అనేస్తాం కాబట్టి తెలుగులో ఆ తేడా చెప్పడం కొంచెం చిక్కే. వేట సాగిన పచ్చిక మేట్లకు వెన్లాక్ డౌన్స్ అని పేరు, 1891 నుంచి 1896 దాకా మద్రాసు గవర్నరుగా ఉన్న వెన్లాక్ ప్రభువు పేరది. ఊటీ వెళ్లినవాళ్లు సినిమా షూటింగుల చోటుగా వాటిని చూసే ఉంటారు.

ఎప్పుడు నిషేధించారు? నిషేధిస్తే మరి ఇప్పుడు రోడ్డు మీద కనిపించేదేంటి?

స్కాట్లండ్ 2002లో చట్టం చేసింది. ఇంగ్లండ్, వేల్స్‌కు 2004లో హంటింగ్ చట్టం వచ్చింది, ప్రభువుల సభ ఒప్పుకోకపోయినా, ఆ సభను దాటి బిల్లును గట్టెక్కించే పార్లమెంట్ చట్టాన్ని వాడి నెగ్గించారు. 2005 ఫిబ్రవరి 18 నుంచి అమల్లో ఉంది. అంతకుముందు 2000లో ఈ వేటల మీద ప్రభుత్వం వేసిన బర్న్స్ కమిటీ, తరమబడి చచ్చే నక్క బాధ తక్కువేమీ కాదన్న అర్థం వచ్చేలా నివేదిక ఇచ్చింది. 2002 సెప్టెంబర్‌లో నాలుగు లక్షల మంది పల్లెజనం లండన్ వీధుల్లో నడిచారు. అది ఒక్క నక్క కోసమే కాదు, పల్లె మీద పట్నం పెత్తనం ఏంటన్న కోపం కూడా. క్వార్న్ పేరుకు దెబ్బ అంతకన్నా ముందే తగిలింది. 1991లో నక్కను బొరియ నుంచి తవ్వి తీసి కుక్కలకు వేసిన దృశ్యం వ్యతిరేకుల కెమెరాకు చిక్కింది. దాని దుమారంలో మాస్టర్లు, అంటే వేటను నడిపే పెద్దలు, తప్పుకోవలసి వచ్చింది.

ఇప్పుడు జరగాల్సింది జాడవేట. ముందుగా ఒకరు వాసన పూసిన గుడ్డను ఈడ్చుకుపోతే కుక్కలు ఆ జాడ పట్టుకుపోతాయి. ఇది ముసుగేనని, నిజం నక్కల వెనక పడుతూనే ఉన్నారని వ్యతిరేకులు అంటారు. దేశంలో కొన్ని వేటల మీద కేసులు పడి శిక్షలూ పడ్డాయి. పాత కట్టడాలనూ పల్లె భూములనూ కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ తన భూముల్లో జాడవేటను 2021లో ఆపేసింది. దాన్ని కూడా నిషేధిస్తామని 2024 ఎన్నికల ప్రణాళికలో లేబర్ పార్టీ రాసింది. నా మట్టుకు నాకు, నక్క చావును ఆటగా చూడటం నచ్చదు. కానీ మూడు వందల ఏళ్లు మలిచిన ఆ ముక్కును గుడ్డ వెనక పరిగెత్తించడంలో తప్పు కనిపించదు, అది నిజంగా గుడ్డే అయితే.

ముసలివైన కుక్కను తెచ్చి ఇంట్లో పెంచుకోవచ్చా?

చాలామంది అడుగుతారు, మంచి మనసుతోనే. ఈ కుక్క పుట్టినప్పటి నుంచి గుంపులో పడుకుని, గుంపులో తిని, గుంపులో పరిగెత్తినది. ఒంటరిగా సోఫా పక్కన ఉండటం దానికి తెలియదు. కొన్ని అలవాటు పడ్డాయి. ఎక్కువ వాటి విషయంలో జరిగేది వేరు: ఆరేడు వేటకాలాలు పనిచేసి వేగం తగ్గగానే కొట్టంలోనే కాల్చేస్తారు. వేటవాళ్లు దీన్ని దాచరు, మనం అడగం.

రోడ్డు మీద ఎదురైతే ఏం చేయాలి?

బండి పక్కకు తీసి ఇంజను ఆపండి. హారన్ కొట్టొద్దు, గుర్రాలు బెదురుతాయి. కిటికీలోంచి చెయ్యి చాపి కుక్కలను పిలవొద్దు. అన్నీ పోయాయి కదా అని వెంటనే కదలకండి. వెనక వచ్చే విప్పర్-ఇన్ జతలు లెక్కపెట్టుకుంటూ ఉంటాడు. లెక్కలో అర తక్కువైతే, ఆ ఒక్కటీ ఏ కంచె సందులోంచో మీ చక్రాల ముందుకు దూకుతుంది.